మా పెదనాన్న స్పానర్ల పెట్టె
వ్యవసాయం చేసుకుంటూనే ఊరందరికీ రిపేర్లు చేసిపెట్టిన ఒక రైతు గురించి చదివాక మా పెదనాన్న గుర్తొచ్చాడండి. మాది కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర పల్లె, కాలవ శివారు భూములు, నీళ్ళు ఓ పట్టాన ఎక్కవు, ఆయిల్ ఇంజన్ ఆగిందంటే నారుమడి ఎండినట్టే, అప్పుడు అందరూ పరిగెత్తేది ఆయన దగ్గరికే. ఆయనకీ మూడెకరాలు ఉండేవి, సొంత నాట్లు ఆపుకుని మరీ వెళ్ళేవాడు, పెద్దమ్మ తిట్టేది, ఆ తిట్లు న్యాయమే లెండి. పంపు నీళ్ళు లాగకపోతే ముందు ఫుట్ వాల్వ్, అంటే నీళ్ళలో ఉండే పైపు చివరి వాల్వ్, చూసేవాడు, తోలు వాషర్ అరిగితే పాత చెప్పు గుండ్రంగా కోసి వేసేవాడు, తర్వాత బకెట్లో పేడనీళ్ళు కలిపి పంపులో పోసేవాడు, చిన్న చిన్న లీకులు దానికే మూసుకుపోయేవి. నాకు ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి హ్యాండిల్ కొట్టడం నేర్పినప్పుడు, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోమాకరా, మిగతా వేళ్ళ పక్కనే ఉంచు, ఇంజన్ వెనక్కి తంతే వేలు విరుగుద్ది అని చెప్పి, గుర్తుండాలని చేతిమీద ఒక్కటిచ్చాడు కూడా. 1977 నవంబర్ ఉప్పెన తర్వాత ఉప్పు బురదలో కూరుకుపోయిన ఇంజన్లు విప్పి, కిరసనాయిల్లో కడిగి మళ్ళీ తిప్పాడని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. డబ్బులా... అడిగేవాడు కాదు, ఒకళ్ళు బస్తా వడ్లు వేసేవాళ్ళు, ఇంకొకళ్ళు రెండు కొర్రమేనులు తెచ్చేవాళ్ళు. పోయినేడాది పోయాడు. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది, 12-13 స్పానర్ మాత్రం లేదు, ఎవరు పట్టుకెళ్ళారో తెలుసు గానీ ఆయనా అడగలేదు, మేమూ అడగలేదు.