బండి చూడండి, సంచి చూడండి. కాగితం లేకుండా ఫోన్ మాత్రం అడగొద్దు

సిరొంచ తాలూకాలో పుట్టినోళ్లకు తనిఖీలు కొత్త కాదు. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ఇక్కడ 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. గోదావరి దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే చెన్నూరు. మా పెళ్లి సంబంధాలు, ఆస్పత్రులు, బట్టల దుకాణాలు అన్నీ అవతలి ఒడ్డునే. మందు సీసాల కోసం ఒక నాకాబందీ (పోలీసులు దారి ఆపి చేసే తనిఖీ), అడవి దారిలో నక్సలైట్ల పేరు మీద ఇంకొకటి. డిక్కీ తెరవమంటే తెరుస్తాం, సంచి విప్పమంటే విప్పుతాం. చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. కానీ ఇప్పుడు డిక్కీ మూసేలోపే ఫోన్ కోసం చెయ్యి చాపుతున్నారు. దీనికి మాత్రం అలవాటు పడకూడదు.

మా మేనల్లుడి సంగతి చెప్తా. ఎక్కడ జరిగింది, ఏ ఠాణా వాళ్లు అన్నది రాయను, వాడు రోజూ ఆ దారినే పోవాలి. బండి ఆపారు, వెతికారు, ఏమీ దొరకలేదు. "ఫోన్ దే, లాక్ ఖోల్" అన్నారు. ఇచ్చాడు. గ్యాలరీ మొత్తం కిందిదాకా జరిపారు. వాట్సాప్ తెరిచి ఏవో మాటలు కొట్టి వెతికారు. చెల్లెలు పురిటి మంచం మీద ఉన్న ఫొటో దగ్గర ఆగి ఒకతను పక్కవాడికి చూపించాడట. ఆ మాట చెప్పేటప్పుడు వాడు తలెత్తలేదు. "నా దగ్గర దాచేదేం లేదు గదా మామా, అందుకే ఇచ్చిన" అన్నాడు.

వాడి దగ్గర దాచేది లేకపోవచ్చు. కానీ ఆ ఫోన్లో ఉన్నది వాడొక్కడేనా? వాళ్లమ్మ బచత్ గట్ (ఆడవాళ్ల పొదుపు సంఘం) అధ్యక్షురాలు. గట్‌లో ఉన్న ఆడవాళ్లందరి ఆధార్ కార్డులు, పాస్‌బుక్కుల ఫొటోలు, అప్పు కాగితాలు వీడి ఫోన్లోనే ఉంటాయి, ఎందుకంటే ఆమెది బటన్ల ఫోన్. వాడ చివరి ముసలాయన పింఛను ఓటీపీ వీడికే వస్తుంది. మంచిర్యాల డాక్టరుకు పంపమని పక్కింటి కోడలు తన స్కానింగ్ రిపోర్టు వీడి ఫోన్‌తోనే తీయించింది. పట్నంలో ఒక్కొక్కరికి రెండు ఫోన్లుంటాయి, మా ఊళ్లలో ఒక ఫోన్ మీద నాలుగిళ్లు నడుస్తాయి. వాడు సరేనంటే ఆ ఆడవాళ్లందరూ సరేనన్నట్టా? వాళ్లను ఎవరడిగారు? "తప్పు చేయనోడికి భయమెందుకు" అని ప్రతి చావడి దగ్గరా ఒకరు అంటారు. ఆ పెద్దమనిషి తన కూతురి ఫోన్ నడిరోడ్డు మీద ఎవరి చేతిలోనైనా పెడతాడేమో అడగండి.

ఇంకొకటి, మా మెసేజ్‌లు తెలుగులో ఉంటాయి. వాయిస్ మెసేజ్‌లూ తెలుగులోనే. తనిఖీ చేసే మనిషికి తెలుగు రాకపోతే ముందూ వెనకా తెలియకుండా ఒక ఫొటో, ఒక పేరు, ఎవరో గ్రూపులో పడేసిన ఒక పాట చూసి అనుమానపడతాడు. ఈ జిల్లాలో పోలీసు అనుమానం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా చెప్పారు. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి నడుస్తున్న బీఎన్ఎస్ఎస్‌లో 94వ సెక్షన్ ఉంది. దర్యాప్తుకు ఫోన్ కావాలంటే కోర్టు గానీ, స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. వారెంటు లేకుండా సోదా చేయాల్సి వస్తే 185వ సెక్షన్ ప్రకారం కారణం ముందే రాసిపెట్టాలి, ఆ కాగితాల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105 చెప్తుంది. రోడ్డు పక్కన నిలబెట్టి "లాక్ ఖోల్" అనడం ఇందులో ఎక్కడుంది? 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో రోడ్డు మీద యువకులను ఆపి, వాట్సాప్‌లో 'గంజాయి' అని కొట్టి వెతుకుతున్న పోలీసుల వీడియోలు దేశమంతా చూసింది. రాజధానిలో కెమెరాల ముందే అలా జరిగితే ఇక్కడి సంగతేంటి?

పోలీసులకు ఫోన్ సాక్ష్యం అస్సలు అక్కర్లేదని నేననను. లోన్ యాప్ మోసాలు, ఆడపిల్లల ఫొటోలతో బెదిరింపులు, ఇవి ఫోన్ చూడకుండా తేలవు. నేరం జరిగిందని అనుమానం ఉంటే కాగితం రాయండి, స్వాధీనం చేసుకోండి, పంచనామా చేయండి.

పంచనామా ఎలా చేశారన్నదే ఒక మనిషి బతుకు. ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా మన తెలుగువాడే. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ, 2013లో ఢిల్లీలో ఆయన ఇంట్లో స్వాధీనం చేసుకున్న ఎలక్ట్రానిక్ వస్తువుల మీద నడిచిన కేసులో 2017 మార్చి 7న మా గడ్చిరోలి సెషన్స్ కోర్టే యావజ్జీవం వేసింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయన్ని నిర్దోషి అంది. ఆ స్వాధీనాన్ని నమ్మలేదు, యూనివర్సిటీ ఆవరణలో సోదాకు చదువురాని మనిషిని పంచుగా, అంటే సోదా సాక్షిగా పెట్టడాన్ని తప్పుపట్టింది. జైలు నుంచి బయటికొచ్చిన ఏడు నెలలకే, అక్టోబరు 12న ఆయన పోయారు. చక్రాల కుర్చీలోని మనిషికి ఆ జైలు ఏళ్లు ఎవరిస్తారు?

మావోయిస్టు సంబంధాల పేరుతో హక్కుల కార్యకర్తల మీద పెట్టిన భీమా కోరేగావ్ కేసులో, నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి ఆయనకు తెలియకుండా బయటినుంచి ఫైళ్లు చొప్పించారని అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ 2021లో నివేదిక ఇచ్చింది. అందుకే ఫోన్ తీసుకున్నప్పుడు హ్యాష్ వాల్యూ రాయించుకోవాలి. ఫోన్లో ఉన్న డేటా మొత్తానికి లెక్కగట్టి వచ్చే ఒక అంకె అది, ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ దానికి చోటుంది. దాంతోపాటు మోడల్, ఐఎంఈఐ నంబరు (ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కు ఉండే గుర్తింపు అంకె), సీలు, సంతకాలు, నకలు. ఇవేవీ లేకుండా ఫోన్ వెళ్లిపోతే దానిలో తర్వాత ఏం దొరికినా మనం చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

వేలిముద్ర లాక్ వాడేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అంటుంది. కానీ వేలిముద్ర తీసుకోవడం ఆ రక్షణ కిందికి రాదని 1961లోనే కథీ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తలలో ఉన్న పిన్ సంగతి మీద కోర్టులు ఒక్కమాట మీద లేవు: 2021లో కర్ణాటక హైకోర్టు ఒకటి చెప్తే, 2022లో ఢిల్లీ సీబీఐ కోర్టు ఇంకొకటి చెప్పింది. కాబట్టి తల నమ్మండి, వేలిని కాదు. నాలుగంకెల పిన్‌లో పదివేల రకాలే, ఆరంకెలైతే పదిలక్షలు. నాకా వచ్చేముందు ఫోన్ స్విచాఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టందే వేలు పనిచేయదు, లోపలి డేటా తాళం కూడా తెరుచుకోదు, డేటా లాగే మిషన్లకూ కష్టమవుతుంది. లాక్ మీద మెసేజ్ కనపడకుండా పెట్టుకోండి. వాట్సాప్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా వేసే తాళం) మనమే ఆన్ చేసుకోవాలి, దానంతట అది ఉండదు. ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పని అవగానే తీసేయండి. ఒక్క జాగ్రత్త: కేసు పడ్డాక, నోటీసు వచ్చాక ఏదీ చెరపొద్దు, అది వేరే నేరమవుతుంది.

నాకా దగ్గర గొడవ పడమని పిల్లలకు నేను చెప్పను, దెబ్బలు తినేది వాళ్లే. మర్యాదగా "సాబ్, లిఖిత్ ఆర్డర్ ఉందా?" అని అడగమంటాను. బలవంతంగా తీసుకుంటే పేరు, టైము గుర్తుపెట్టుకుని ఇంటికి రాగానే రాసిపెట్టమంటాను. మిగతాది పెద్దవాళ్లం చేయాలి. వచ్చే గ్రామసభలో నేను తీర్మానం పెడుతున్నా: రాత ఉత్తర్వు లేకుండా ఏ నాకాలోనూ ఫోన్ తెరిపించొద్దని జిల్లా ఎస్పీ సర్క్యులర్ ఇవ్వాలి, అది మరాఠీలో, తెలుగులో నాకా దగ్గర బోర్డు మీద ఉండాలి. మొదటి సంతకం బచత్ గట్ ఆడవాళ్లే పెడతామన్నారు. అంకీసా, ఆసరెల్లి దిక్కు గ్రామసభల్లో కూడా పెట్టాలనుకునేవాళ్లు చెప్పండి, తీర్మానం కాగితం రాసి పంపిస్తా.