నాలుగక్షరాల డిస్కు

డేటాబేసు ఫైళ్లను వేర్వేరు డిస్కుల మీద పంచి పెట్టాలన్నది పెద్దల మాట. పెద్దల మాట కాదనే ధైర్యం మన సాఫ్ట్‌వేరు కంపెనీలకు ఎక్కడిది? అందుకే గుంటూరు మిర్చియార్డులో మా బావ కమిషన్ దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం పెట్టిన కంపెనీవాళ్లు (పేరు చెప్పను, వాళ్లకీ పెళ్లాం పిల్లలున్నారు) ఆ మాటను అక్షరాలా పాటించారు. సీ డ్రైవులో ప్రోగ్రాం, డీలో డేటా, ‘ఈ’ డ్రైవులో లాగ్ (జరిగిన ప్రతి పనినీ వరుసగా రాసుకునే ఫైలు), ఎఫ్‌లో బ్యాకప్. నాలుగక్షరాలు. ఆ వివరమంతా నాలుగు రంగుల్లో గీసి, లామినేషన్ చేయించి, వెంకటేశ్వరస్వామి పటం కింద అంటించి మరీ వెళ్లారు.

మొన్న మార్చిలో, సీజను నడినెత్తిన ఉండగా, ఆ సీపీయూ మూత విప్పే భాగ్యం నాకు దక్కింది. ముందు ఏడు తుమ్ములు. ఫ్యాను రెక్కల మీద అరంగుళం మందాన ఎర్రటి పొడి. తేజ రకమో, 341 రకమో వాసన చూసి చెప్పేయొచ్చు. కళ్లు తుడుచుకుని చూస్తే ఒక డిస్కు కనిపించింది. రెండోదాని కోసం టార్చి వేశాను. మూడోదాని కోసం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, బల్ల కింద కూడా చూశాను. ఉన్నది ఒక్కటే.

అంతకుముందు వారమే విండోస్ నాకు ఈ సంగతి చెప్పింది, నేనే వినలేదు. అందులో ‘డిస్క్ 0’ అని ఒక వరుస (దాని లెక్క సున్నాతో మొదలవుతుంది), ఆ వరుసలో సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు గడులు. ‘డిస్క్ 1’ లేదు. ఆ సున్నా ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నిజం మాట్లాడింది. మన కొంపలో వంటగదికి బ్రాడీపేట, పడగ్గదికి అరండల్‌పేట, దొడ్డికి లక్ష్మీపురం అని బోర్డులు కొట్టి, ఊరంతా ఇళ్లున్నాయని సంబంధాలు మాట్లాడుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇప్పుడా డిస్కు లోపలి సంసారం చూద్దాం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు. ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. లోపల పలకలు ఎన్నున్నా, వాటిమీద చదివే, రాసే చేతులన్నీ ఒకే ఇరుసుకు కట్టేసినవే, కదిలితే కలిసి కదలాల్సిందే. అక్కడోటీ ఇక్కడోటీ రాయమంటే సెకనుకు డెబ్భై, ఎనభై పనులకు మించి దానివల్ల కాదు. ఆ చేతిని ఒక గుమాస్తా అనుకోండి. బిల్లు పడింది, లాగ్‌లో రాయవయ్యా. ఈకి పరుగు. రైతు పాత బాకీ ఎంతో చూడవయ్యా. డీకి పరుగు. ఇంకో బిల్లు. మళ్లీ ఈకి. లాగ్‌కు సొంత డిస్కు ఉంటే ఆ చెయ్యి ఒకచోట కూర్చుని వరుసగా రాసుకుంటూ పోయేది. ఇక్కడ కూర్చోనిచ్చేదెవరు? పైగా మనవాళ్లు బ్యాకప్‌కు ఉదయం పదకొండు ముహూర్తం పెట్టారు. కాటాలు జోరుమీదుండే వేళ డీలో చదివి, ఎఫ్‌లో రాసి, మధ్యలో ఈలో బిల్లు గీకి, మళ్లీ డీకి. రోజూ పదకొండింటికి మా బావ స్క్రీను వైపు చూసి, ‘మిషను ఏదో ఆలోచిస్తోందిరా’ అనేవాడు.

మా తాతకు డేటాబేసు తెలియదు. చిట్టా, ఆవర్జా తెలుసు. ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో వరుసగా పడాలి, తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లకి ఎక్కాలి. లాగ్ అంటే చిట్టా, డేటా ఫైలు అంటే ఆవర్జా, అంతకుమించి బ్రహ్మవిద్య లేదు. ఆవర్జా తగలబడినా పాత నకలూ, ఆ తర్వాతి చిట్టాలూ ఉంటే చివరి పద్దు దాకా తిరిగి రాసుకోవచ్చు. అందుకే ఆయన చిట్టా దుకాణంలో, ఆవర్జా ఇంట్లో పెట్టేవాడు. రెండూ ఒకే ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టెకు నాలుగు పేర్లు రాసేంత చదువు ఆయన చదువుకోలేదు.

కంపెనీ కుర్రాడు నన్ను మర్యాదగానే సరిదిద్దాడు. ‘ఫైళ్లు అలా విడగొట్టడం పాత పద్ధతి సార్. ఇప్పుడన్నీ అన్ని డిస్కుల మీదా స్ట్రైప్ చేసి మిర్రర్ చేయమంటున్నారు’ అన్నాడు. అంటే ముక్కలు చేసి అన్నిటికీ పంచి, ప్రతి ముక్కకూ ఇంకో డిస్కులో నకలు ఉంచడం. నిజమే, డేటాబేసులు అమ్మే ఒరాకిల్ వాళ్లే చెప్పారు. ‘అన్ని డిస్కులు’ అనాలంటే రెండైనా ఉండాలి కదా నాయనా! 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ పేపరు రాసి, చవక డిస్కులు చాలా కలిపి ఒక్క పెద్ద డిస్కులా పనిచేయించవచ్చన్నారు. మనవాళ్లు ఒక్క చవక డిస్కును చాలా డిస్కులుగా చూపించారు. అమెరికావాళ్లకు ఈ తెలివి రాలేదు. తిరిగే పలకలే లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు వేస్తే పోలా అన్నాడు మళ్లీ. వేస్తే చేతి పరుగు తప్పుతుంది, ఒప్పుకుంటా. కానీ ఒక్కటే వేస్తే, పోయేటప్పుడు ఇది కటకటమనైనా చచ్చింది, అది చప్పుడు కూడా చేయదు.

మా పాత డిస్కు చచ్చిన రోజు మాచర్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రాత్రంతా టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చుని ప్రయాణం. సరుకు అమ్ముడైంది, కాటా అయింది, తక్‌పట్టీ, అదే అమ్మకం లెక్క చీటీ, చేతికి రావాలి. రాలేదు. రేకుల షెడ్డు నీడలో తలపాగా విప్పి కూర్చున్నాడు. వ్యాను డ్రైవరు వెయిటింగ్ చార్జి గుర్తొచ్చినప్పుడల్లా హారన్ కొడుతున్నాడు. లోపల కంపెనీ కుర్రాడితో ఫోన్లో నేను.

‘బ్యాకప్ ఎఫ్‌లో ఉంది సార్.’

‘ఎఫ్ ఎక్కడుంది?’

‘డిస్కులో సార్.’

‘డిస్కు?’

‘అదే కదా సార్ పోయింది.’

బయటికొచ్చి డిస్కు పోయింది పెద్దాయనా అన్నాను. ‘ఇంకోటి లేదా?’ అన్నాడు.

వేలిముద్ర వేసే మనిషికి తట్టిన ప్రశ్న, ఏటా ఏఎంసీ (మరమ్మతుల ఒప్పందం) పేరుతో వేలకు వేలు లాక్కునే ఇంజినీర్లలో ఒక్కడికీ తట్టలేదు. తట్టకపోవడమేంటి, తెలుసు! తెలిసే నాలుగక్షరాలు రాశారు. రెండో డిస్కుకు పెద్ద ఖర్చు కూడా కాదు. ఆ డబ్బు మిగుల్చుకుని ఒక ముసలాయన్ని రేకుల కింద కూర్చోబెట్టారు. సిగ్గుండాలి. కాటా చీటీలు ముందేసుకుని గుమాస్తా చేత్తో లెక్క కట్టేసరికి రాత్రి ఎనిమిదైంది. ఆ వెయిటింగ్ చార్జి కంపెనీ ఇవ్వలేదు.

నిన్న వాళ్ల కొత్త కొటేషన్ వచ్చింది. జరిగినదానికి చింతిస్తూ, మరింత భద్రత కోసం ఈసారి జీ, హెచ్ డ్రైవులు కూడా చేరుస్తారట, అదనపు చార్జీ లేకుండా. మా బావ పెన్ను మూత తీశాడు. నేను స్క్రూడ్రైవరు వెతుకుతున్నాను.