గోడ పదడుగులా, ఎనిమిదడుగులా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒక మెసేజ్ పడింది, "అర్జెంట్. మన ఏరియా డెమోగ్రఫిక్స్ మారిపోతున్నాయి. ఆదివారం అందరూ క్లబ్‌హౌస్‌కి రావలెను" అని. మళ్ళీ వరదేమో అనుకున్నా, 2022 సెప్టెంబర్లో మనవైపు విల్లాల వాళ్ళు ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు కదా. వరద కాదట. వెనక ఖాళీ జాగాలో గవర్నమెంటు పేదలకి ఫ్లాట్లు కడుతుందని ఎవరో విన్నారట.

ఎస్‌టీపీ, అదే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, కంపు మీద మీటింగ్ పెడితే నలుగురొచ్చే చోట ఆ రోజు కుర్చీలు చాల్లేదు.

"ఎంతో కష్టపడి ఈ కమ్యూనిటీని తయారు చేసుకున్నాం" అని ప్రెసిడెంట్ గారు గొంతు పూడుకుపోతుండగా మొదలెట్టారు. పాపం, కడప నుంచి ఒక సూట్‌కేసుతో దిగి, మారతహళ్ళి పీజీలో ముగ్గురితో రూము పంచుకుని, ఆంధ్రా మెస్సు పప్పు తిని ఎదిగిన మనిషి. అప్పట్లో ఇక్కడి ఊళ్ళవాళ్ళు ఈ మందెక్కడ్నుంచి దిగిందిరా అనుకోలేదంటారా? అసలు వైట్‌ఫీల్డ్ భూమిని 1882లో మైసూరు మహారాజు ఆంగ్లో ఇండియన్లకి ఇచ్చాడు, ఆ లెక్కన ఏరియాని కాపాడాల్సింది ముందు మన నుంచే.

సరే, అసలు విషయం గోడ. ఎనిమిదడుగులు చాలని ట్రెజరర్ గారు, స్విమ్మింగ్ పూల్ కనిపిస్తుంది పది ఉండాలని జీ-బ్లాక్ సార్, పదైతే మా బాల్కనీకి గాలి రాదండీ అని రెండో ఫ్లోర్ మేడం. పైన గాజుపెంకులు పెడదామా అంటే లుక్ పాడవుతుందని క్రీపర్లు పాకిద్దామన్నారు, క్రీపర్లు పట్టుకుని ఎక్కితే అన్నారు ఇంకొకరు. గంటన్నర ఇదే. అప్పుడొక పెద్దావిడ మెల్లగా "అంతా మూసేస్తే పనమ్మాయి చుట్టూ తిరిగి రావాలి కదా, ఏడింటికి వస్తుందా?" అన్నారు. హాలంతా చప్పుడు లేదు. దీని గురించి ఎవరూ ఆలోచించలేదు మరి. చివరికి గోడలో ఒక చిన్న గేటు, పొద్దున ఆరు నుంచి పదకొండు వరకే, ఆ తర్వాత తాళం.

పేదల ఫ్లాట్లు పక్కనుంటే మన రీసేల్ వాల్యూ పడిపోతుందట. ఇంతకీ ఆ పేదలెవరంటే, కేంద్రం ఇళ్ళ పథకం పీఎం ఆవాస్ అర్బన్‌లో ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా బలహీనుల కోటా కింద ఇల్లు రావాలంటే ఇంటిల్లిపాది ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకూడదు. జీఎస్టీ వాళ్ళ దృష్టిలో మాత్రం మన సిటీలో సైజు చిన్నదైతే కొత్తగా కడుతున్న 45 లక్షల ఫ్లాటు కూడా సామాన్యుడి ఇల్లే, ట్యాక్స్ ఒక్క శాతం. ఆ 3 లక్షల మనిషి తిండి మానేసి 15 ఏళ్ళు దాచుకుంటే కొనేయొచ్చు, ఇంకేం!

మా ఇంట్లో చేసే ఆమెది రాయచూరు వైపు. ఉండేది వర్తూరు దగ్గర రేకుల షెడ్డులో, వానొస్తే నీళ్ళు మంచం కిందికి. మేం పాత చీర ఇస్తే యాప్‌లో గేట్ పాస్ కొట్టాలి, లేదంటే సెక్యూరిటీ బ్యాగు విప్పి నిన్నటి సాంబారు డబ్బా మూత కూడా తీసి చూస్తాడు, అందరి ముందూ. ఆమె సర్వీస్ లిఫ్టులోనే రావాలి. మీ అమ్మగారికి స్నానం చేయించడానికి, మీ పిల్లాడికి అన్నం కలిపి పెట్టడానికి ఇదే మనిషి కావాలి, వంటింటి తాళంచెవి ఇచ్చి ఊటీ కూడా వెళ్తారు, కానీ ఆ మనిషికి మూడొందల చిల్లర చదరపు అడుగుల ఇల్లు వస్తుందంటే మీకు సేఫ్టీ గుర్తొస్తుందా? సిగ్గుండాలి కదయ్యా! మీ మాస్టర్ బెడ్‌రూమూ బాల్కనీ కలిపితే అంతుంటుంది!

తీర్మానం ఏకగ్రీవమన్నట్టే మినిట్స్‌లో రాసుకున్నారు. పదడుగుల గోడ, ఖర్చు కార్పస్ ఫండ్ నుంచి. మేస్త్రీలు మాత్రం రాయచూరు వాళ్ళయితే చీప్‌గా చేస్తారట, కట్టినన్నాళ్ళూ వాళ్ళు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారన్నది కాంట్రాక్టరే చూసుకోవాలట.