మెడ పక్కన తాడులా కనిపించేది నరం కాదు, దాన్ని నొక్కకండి

"మెడ పక్కన ఉబ్బే నరాన్ని రెండు వైపులా ఒకేసారి గట్టిగా నొక్కండి, బీపీ, తలనొప్పి మాయం." మా మలక్‌పేట అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వారంలో మూడోసారి వచ్చిందీ మెసేజ్. మొన్న కింది ఫ్లోర్ పెద్దాయన లిఫ్ట్ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, బొటనవేళ్ళతో మెడ నొక్కుకుంటుంటే చేతులు పట్టుకుని ఆపాను. అందుకే రాస్తున్నా.

అసలది నరమే కాదు. అద్దం ముందు ముఖం ఎడమకు తిప్పండి, కుడి చెవి వెనక ఎముక నుంచి గొంతు కింది గుంట దాకా తాడులా లేస్తుంది చూడండి, వేళ్ళతో పట్టుకుంటే కండే. స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అంటారు. కింద ఛాతీ ఎముకకీ కాలర్ బోన్‌కీ, పైన చెవి వెనక మాస్టాయిడ్ ఎముకకీ అంటుకుని ఉంటుంది. మనకి పిక్క పట్టేసినా నరమే, మెడ పట్టేసినా నరమే, ఆ అలవాటు వల్లే ఇలాంటివి నమ్మేస్తున్నాం.

అదే మెసేజ్‌లో "కుడికి తిరగకపోతే కుడి నరం చచ్చుబడినట్టు" అని ఉన్నదీ తప్పే. కుడి కండరం బిగిస్తే తల కుడి భుజం వైపు వాలుతుంది, ముఖం మాత్రం ఎడమకి తిరుగుతుంది. అంటే ముఖాన్ని కుడికి తిప్పేది ఎడమ కండరం.

ఇక నొక్కడం. ఈ కండరం చాటునే మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని ఉంది. గొంతు ముడికి కొంచెం పైన అది రెండుగా చీలే చోట ఒత్తిడిని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది, అక్కడ నొక్కితే గుండె వేగం తగ్గి బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. "తగ్గింది" అనిపించేది అదే, అది వైద్యం కాదు, కళ్ళు తిరిగి అక్కడే కూలిపోవచ్చు. ధమనిలో కొవ్వు పేరుకున్నవాళ్ళకైతే ఒక ముక్క ఊడి మెదడుకి చేరితే పక్షవాతమే. గుండె దడకి డాక్టర్లు అక్కడ నొక్కడం ఉంది, కానీ ఈసీజీ పెట్టి, ముందు స్టెతస్కోప్‌తో మెడ విని, ఒక్క వైపే, కొన్ని సెకన్లే.

తలనొప్పి సంగతిలో మాత్రం కొంచెం నిజముంది. ఈ కండరం బిగుసుకుంటే నొప్పి నుదుటి మీద, కన్ను చుట్టూ తెలుస్తుంది. దానికి గోరువెచ్చని కాపడం పెట్టండి, గంటలకొద్దీ ఫోన్‌లోకి తల వంచడం మానండి, తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

"ఎంత ఉబ్బితే రక్తం అంత బాగా పారుతున్నట్టు" అన్న ఆ మెసేజ్ చివరి ముక్క చదివితే నాకు నిజంగా భయమేసింది. ఆయాసం వచ్చినప్పుడు ఛాతీని పైకి లాగి ఊపిరికి సాయం చేసేది ఈ కండరమే. ఊరికే కూర్చున్న మనిషికి ప్రతి ఊపిరికీ ఇది లేచి పడుతుంటే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.