ఎండ తగిలిన పాలకు నీళ్ల నింద

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల ఎండల గురించి మా పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎండలతో పాటే ఏటా పాలకేంద్రాల దగ్గర మొదలయ్యే అన్యాయమూ పాతదే గానీ, దాన్ని అన్యాయమని ఒప్పుకోవడానికి అధికార యంత్రాంగం నేటికీ సిద్ధంగా లేదు. సిరోంచ, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ వైపు తెలుగు పాడి రైతులు తెల్లవారక ముందే పిండి తెచ్చిన పాలకు వెన్న తగ్గిందనీ, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలే ఘనపదార్థాలు) పడిపోయిందనీ ధర కోసి చీటీ చేతిలో పెట్టడం ఒక ఎత్తయితే, నీళ్లు కలిపావా అని నలుగురిలో నిలదీయడం మరో ఎత్తు. ధరలో కోతను రైతు ఎలాగో భరిస్తాడు. చేయని దొంగతనాన్ని ఎందుకు భరించాలి?

పశువుకు వేడి తగిలిందో లేదో ఉష్ణమాపకం ఒక్కటే చెప్పలేదు. గాలిలో తేమను కూడా కలిపి లెక్కగట్టే ఉష్ణ-తేమ సూచిక 72 దాటితే సంకరజాతి పాడి ఆవుకు ఇబ్బంది మొదలవుతుందని పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. 25 డిగ్రీల వేడికి 50 శాతం తేమ తోడైతేనే సూచిక ఆ గీత దగ్గరికి వస్తుంది. 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం 86 దాకా పోతుంది. నెమరువేసే పశువు కడుపులో మేత పులిసేటప్పుడే వేడి పుడుతుంది కాబట్టి ఆవు ముందుగా మేత తగ్గిస్తుంది, నోరు తెరిచి రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. పాలు తగ్గుతాయి, ఉన్న పాలలోనూ వెన్న, మాంసకృత్తులు తగ్గుతాయి. ఎదకు వచ్చిన సంగతి తెలియదు, తెలిసి కృత్రిమ గర్భధారణ సూది వేయించినా చూలు నిలవదు. నల్లటి చర్మం, తక్కువ స్వేదగ్రంథులు ఉన్న గేదెకు మడుగు దొరకకపోతే అవస్థ ఇంకా ఎక్కువ. వానలు పడ్డాక 30 డిగ్రీలకు 70 శాతం తేమ కలిసిన రోజున కూడా సూచిక 80 మీదే ఉంటుంది, కానీ అప్పటికి వడగాలుల హెచ్చరికలను అందరూ మరచిపోయి ఉంటారు.

అంటే ఎస్ఎన్ఎఫ్ పడిపోవడానికి రైతు బిందెలో నీళ్లు పోయనక్కర్లేదు, ఎండ చాలు. ఇక కొలిచే పనిముట్టు సంగతి. మన దేశ ప్రమాణం ప్రకారం పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరును 27 డిగ్రీల దగ్గర సరిచూసి తయారు చేస్తారు. పాలు అంతకంటే వేడిగా ఉంటే పలచబడి రీడింగు తక్కువ చూపుతుంది, దానికి దిద్దుబాటు కలపాలి. రీడింగు ఒక్కటి తగ్గితే ఎస్ఎన్ఎఫ్ లెక్కలో పావు శాతం పోతుంది. అప్పుడే పితికిన వెచ్చటి పాలలో, మే నెల వేడిలో, ఈ దిద్దుబాటు కలపకుండా చీటీ రాస్తే మోసం చేసింది రైతా, కొలిచినవారా? నీళ్లు కలిశాయో లేదో తేల్చడానికి ఘనీభవన పరీక్ష ఉంది. కల్తీలేని పాలు సున్నాకు అర డిగ్రీకి కాస్త ఎక్కువగా దిగువన గడ్డకడతాయి, నీళ్లు చేరినకొద్దీ ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. ఆ పరీక్ష చేయకుండా నింద వేసే హక్కు ఎవరికీ లేదు.

నాణ్యతకు ప్రమాణం లేకపోతే కల్తీదారులు రెచ్చిపోతారని కొనుగోలుదారులు అంటారు. నిజమే, ప్రమాణం ఉండాలి. అయితే ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆవుపాలలో వెన్న 3.2, ఎస్ఎన్ఎఫ్ 8.3 శాతం ఉంటే చాలు. మహారాష్ట్రలో కొనుగోలు ధర కట్టేది మాత్రం 3.5, 8.5 మీద, 2024లో లీటరుకు 5 రూపాయల రాయితీ ఇచ్చినప్పుడూ అదే కొలబద్ద. చట్టం మంచి పాలన్నవాటికే ఇక్కడ కోత పడుతోంది, అదీ మాఘమైనా వైశాఖమైనా ఒకే పట్టికతో.

మా అభ్యంతరమంతా ఈ ద్వంద్వ నీతి మీదే. దేవణి, గవళావు వంటి ఎండకు తట్టుకునే నాటు పశువులున్న నేలలో ఎక్కువ పాలు కావాలని సంకరజాతిని ప్రోత్సహించింది ప్రభుత్వాలే. 2024లో ఆమోదించిన విదర్భ, మరాఠ్వాడా పాడి అభివృద్ధి రెండో దశ 19 జిల్లాలకు పాడి పశువులను పంచుతానంటోంది. పంచండి. ఆ ఆవు పాలు పెరిగితే పథకం గొప్ప, ఎండకు తగ్గితే రైతు దొంగ అంటే మాత్రం ఒప్పుకోం. ఉపాధి హామీ కింద కొట్టాలు కట్టిస్తున్నాం కదా అన్న జవాబూ చాలదు. పది, పన్నెండు అడుగుల ఎత్తు లేకుండా, తూర్పు పడమరలుగా పొడవు లేకుండా, పైన వరిగడ్డో సున్నమో లేకుండా వేసిన రేకుల కొట్టం నీడ కాదు, పెనం. గాలి ఆడని చోట సన్నటి నీటి తుంపరలు చిమ్మే పొగమంచు యంత్రం బిగిస్తే తేమ పెరిగి ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది. తడిపి, ఫ్యానుతో ఆరబెడితేనే పశువుకు సుఖం. కరెంటు కోతల పల్లెల్లో ఆ ఫ్యాను ఎలా తిరుగుతుందో పథకం రాసినవారే చెప్పాలి.

ఎండాకాలానికి వేరే ధరల పట్టిక తేవాలి. ప్రతి కేంద్రంలో పాల ఉష్ణోగ్రత చూసి, దిద్దుబాటును చీటీ మీద రాయాలి. ఈ రెండింటికీ కోట్లు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. పాడి శాఖ అధికారులు చల్లటి గదుల్లో కూర్చుని ఉత్పత్తి లక్ష్యాలు రాసే ముందు, మే నెలలో ఒక మధ్యాహ్నం రాజురాలోనో బిలోలీలోనో రేకుల కొట్టం కింద గంటసేపు నిలబడి, ఆ తర్వాత అక్కడి రైతును నీళ్లు కలిపావా అని అడగాలి.