పొట్టేలు పడ్తదా బావా?

నా దగ్గర ఒక స్టేషన్ వాగన్ ఉంది. అంటే డిక్కీ విడిగా లేకుండా, కప్పు వెనక దాకా సాగిన పొడుగు కారు. తెల్లది, పాతది. కంపెనీ పేరు చెప్పను. ఈ కథలో ఆ కంపెనీ చేసిన పాపం ఇసుమంత కూడా లేదు. తప్పంతా నా నోటిది.

వాగన్ ఉన్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరైనా బండి వైపు రెండు క్షణాలు చూస్తే చాలు, వెనక తలుపు పైకెత్తేస్తాడు. "చూశారా, ఈ సీటు ఇలా మడిచేస్తే ముందు నుంచి వెనక దాకా అంతా ఒకటే గది. అడ్డుగోడ లేదు. ఏదైనా పడుతుంది" అంటాడు. మైలేజీ ఎంతని అడిగినా ఇదే జవాబు. బస్టాప్ ఎటని అడిగినా ఇదే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఈ ప్రదర్శన నాలుగుసార్లు ఇచ్చాను. ఇప్పుడు నేను లిఫ్టు దిగితే ఆయన మోటర్ వెయ్యడానికి వెళ్ళిపోతాడు.

నా మాట నమ్మి మొదట ఎక్కింది పై అంతస్తు వాళ్ళ ఫ్రిజ్. తర్వాత ఒక కుట్టుమిషన్, ఒక నవారు మంచం. ఆ తర్వాత కాచిగూడ స్టేషన్లో దిగిన మా పెద్దత్త, ఆవిడతో రెండు బియ్యం బస్తాలు, మూడు ఆవకాయ జాడీలు. ఇది మాత్రం న్యాయమే. పేరులోనే స్టేషన్ ఉంది కదా. ఒకప్పుడు అమెరికాలో రైలు దిగినవాళ్ళని పెట్టెబేడాతో సహా ఇళ్ళకు చేర్చిన కర్ర బాడీ బళ్ళే దీని ముత్తాతలు. ఇంగ్లండు వాళ్ళు దీన్ని ఎస్టేట్ అన్నారు, జర్మన్లు కోంబి అన్నారు. మా పెద్దత్త "ట్రాలీ ఆటోకి అద్దాలు పెట్టించినావా కొడుకా?" అంది.

ఆవిడా, బస్తాలూ ఎక్కాక బండి వెనక్కి చతికిలబడి ముక్కు ఆకాశానికి పెట్టింది. 1978లో అమ్మకానికొచ్చిన మెర్సిడెస్ వాగన్‌కి వెనక ఎంత బరువు వేసినా ఎత్తు తనే సర్దుకునే సస్పెన్షన్ ఉండేదని దారిపొడుగునా ఆవిడకి వివరించాను. "మరి గదే కొనకపోయినవా" అంది. మంచి ప్రశ్నే.

రాత్రిళ్ళు ఫోన్లో వోల్వో 240 వాగన్ ఫొటోలు చూస్తుంటాను. 1974 నుంచి 1993 దాకా అదే డబ్బా ఆకారంలో తయారైంది, దాన్ని చూస్తే నాకు కడుపు నిండుతుంది. మా ఆవిడ తొంగి చూసి, "నాకు సంబంధం వచ్చినప్పుడు నా ఫొటో ఇంతసేపు చూసిన్రా?" అంటుంది.

మనవాళ్ళకి వాగన్ ఎందుకో ఎక్కలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత బలెనో ఆల్టురా, ఇండిగో మెరీనా, ఆక్టేవియా కోంబి వచ్చాయి. అన్నీ వచ్చినదారినే పోయాయి. డిక్కీ విడిగా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తేనే కారు, లేకపోతే అంబులెన్సు అని మనవాళ్ళ లెక్క. దానికి తోడు 2006 బడ్జెట్లో 4 మీటర్ల లోపు చిన్న కార్లకి పన్ను తగ్గించారు. ఇక కంపెనీలు టేపు పట్టుకుని తోకలు కొయ్యడం మొదలుపెట్టాయి. 2008లో ఇండిగో సీఎస్ అలా పుట్టిందే. వాగన్‌కి ఉన్న అందమంతా తోకలోనే. నెమలికి క్షవరం చేస్తే ఏం మిగులుతుంది?

సరే, అసలు సంగతికి వస్తాను.

ఆషాఢం వచ్చింది. బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి దాటి, లాల్ దర్వాజ వంతుకొచ్చాయి. మా అత్తగారిల్లు లాల్ దర్వాజలోనే. శనివారం పొద్దున బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, నీ బండ్ల ఏదైనా పడ్తదంటవు గద?"

"ఏదైనా పడుతుంది" అన్నాను, ఛాతీ ఉబ్బించి.

"పొట్టేలు పడ్తదా?"

ఇక్కడ ఏ బుద్ధిమంతుడైనా ఆలోచిస్తాడు. నేను మాత్రం, "పడ్డమేంటి, వాగన్‌కి నేల ఎత్తు తక్కువ, దానంతటదే ఎక్కుతుంది" అన్నాను.

నిజంగానే దానంతటదే ఎక్కింది. జియాగూడ మండీలో 40 కిలోల పొట్టేలు, వంకీలు తిరిగిన కొమ్ములతో, మోకాలెత్తు గడప దాటి పెళ్ళికొడుకులా లోపలికి నడిచింది. అమ్మినాయన చూసి "ఏసీ గాడీయా సాబ్!" అని మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయి, సీటు ఎలా మడతపడుతుందో ఆయనకి కూడా చూపించాను. చూపించి, తిరిగి లేపలేదు.

దాని మెడతాడుని సీటు బెల్టు కొక్కేనికి బామ్మర్ది కట్టాడు. వెనక తలుపు గొళ్ళెం ఆర్నెల్ల కిందటే చేతులెత్తేసింది, దాన్ని బయట నుంచి నైలాన్ తాడుతో బంపర్‌కి నేను కట్టాను. ఈ రెండు ముడుల్లో ఒకటే నిలబడింది.

పురానాపూల్ దాటి, హుస్సేనీ ఆలం మీదుగా శాలిబండ చేరేవరకు అంతా బాగానే ఉంది. వెనక స్కూటర్ల మీదున్న పిల్లలు అద్దంలోంచి పొట్టేలుకి టాటా చెబుతున్నారు. శాలిబండలో బామ్మర్ది వేపమండల కోసం ఆపమన్నాడు. పొట్టేలు రొప్పుతోందని ఇంజన్ ఆపకుండా, ఏసీ వేసే ఉంచి, తలుపు మూసి నేనూ దిగాను. మండలు వెనక తలుపు సందులోంచి లోపలికి తోసి, ఇటు తిరిగేసరికి డ్రైవర్ సీట్లో పొట్టేలు ఉంది.

అడ్డుగోడ లేదని నేను చెప్తూ వచ్చింది నాకు తెలియకుండా అది కూడా వింటోంది కాబోలు. కాళ్ళు కుదురుకోవడానికి కాస్త అటూ ఇటూ జరిగి, కిటికీ పక్కనున్న లాకు బుడిపె మీద ముందరి గిట్ట ఆనించింది. టక్. ఒక తలుపు పడితే నాలుగూ పడేలా నేనే ముచ్చటపడి పెట్టించిన సెంట్రల్ లాక్ అది. తర్వాత స్టీరింగ్ మీద గదవ పెట్టుకుంది. హారన్ మొదలైంది. మన ఊళ్ళో హారన్ ఆగకుండా మోగితే జనం అవతలికి జరగరు, దగ్గరికొస్తారు.

పది నిమిషాల్లో జాతర కూడింది. సలహాలు కుప్పలు. అద్దం పగలగొట్టమని ఒకడు, ఏసీ ఆపితే అదే దిగుతుందని ఇంకొకడు. ఎలా ఆపాలో చెప్పలేదు. జిరాక్స్ షాపాయన ఉక్కు స్కేలు తెచ్చి అద్దం పక్కన రబ్బరు సందులో దూర్చాడు. స్కేలు లోపలికి పోయింది, మళ్ళీ రాలేదు. ట్రాఫిక్ కానిస్టేబుల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"బండి డ్రైవర్ ఏడి?"

"అండ్లనే ఉన్నడు సార్" అన్నాడొక పోరడు.

కానిస్టేబుల్ వంగి చూశాడు. పొట్టేలు కూడా ఆయన్ని చూసింది. ఆయన ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి నంబరు ప్లేటు పడేలా ఫొటో కొట్టాడు. "సీటు బెల్టు గూడ పెట్టుకోలే" అన్నాడు. ఛలాన్ ఎవరి పేరున వస్తుందో అని నేను బెంగపడుతుండగా, పూలమ్మే ముసలామె బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగింది.

"ఎన్క దర్వాజ తాడుతోటి కట్టి ఉన్నది గద బిడ్డా? గా తాడు ఇప్పరాదు?"

అక్కడున్న యాభైమందిలో ఎవరూ ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు.

ఇక నాకు తప్పలేదు. తాడు విప్పి, తలుపెత్తి, మోకాళ్ళ మీద లోపలికి దూరాను. నా బండి ఇంత పొడుగని అంతకు ముందు నాకు తెలియదు. వేపమండల మీదుగా, పొట్టేలు వదిలిన పెంటికల మీదుగా పాకుతూ వెళ్ళి, దాని మెడ పక్కనుంచి చెయ్యి చాపి లాకు బుడిపె పైకి లాగాను. అది నా చెవిలో ఒక్కసారి "మే" అంది. కోపంగా కాదు. తోటి ప్రయాణికుడితో అన్నట్టే.

తలుపు తెరుచుకోగానే బామ్మర్ది దాన్ని పక్క సీట్లోకి నెట్టి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సరిగ్గా ఏసీ గాలి ముఖానికి తగిలే చోటు దొరికింది దానికి. ఎంత లాగినా అక్కణ్ణుంచి కదలలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. కానిస్టేబుల్ "తియ్యి, తియ్యి, బండి తియ్యి!" అని బానెట్ మీద చరిచాడు. జనంలో ఎవరో ధర్మాత్ముడు వెనక తలుపు దించి, తాడు నాకంటే గట్టిగా కట్టాడు. నేనింకా లోపల, మండల మధ్యలోనే ఉన్నాను. మడిచిన సీటు మీదున్నది నేనే కాబట్టి దాన్ని లేపడానికి కుదరలేదు. స్కూటర్ల మీద పిల్లలు మళ్ళీ టాటా చెప్పారు. ఈసారి నాకు.

లాల్ దర్వాజలో మామ గేటు తీసి నిలబడ్డాడు. ముందు సీట్లోంచి దర్జాగా దిగుతున్న పొట్టేలుని చూశాడు. వెనక్కి వచ్చి, అద్దంలోంచి నన్ను చూశాడు. తాపీగా తాడు విప్పి తలుపు పైకెత్తాడు.

"మొత్తానికి పట్టిన్రు అల్లుడుగారూ" అన్నాడు.