పన్నెండేళ్లలోపు పిల్లలకు హెడర్లు ఎందుకు?

పన్నెండేళ్లు నిండేదాకా పిల్లల చేత ఫుట్‌బాల్‌ని తలతో కొట్టించొద్దు. మ్యాచ్‌లో వద్దు, ప్రాక్టీసులో అయితే అసలే వద్దు. ఆట మానిపించమని ఎవరూ అనడం లేదు, సాయంత్రమంతా ఆడుకోనివ్వండి, హెడర్ ఒక్కటి పక్కన పెట్టండి చాలు.

ఈ చర్చ ఇంగ్లాండ్‌లో ఇరవై ఏళ్లకు పైగా నలుగుతోంది. జెఫ్ ఆస్ల్ అని వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ క్లబ్ స్ట్రైకర్ ఉండేవాడు, 1968లో ఇంగ్లాండ్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో గెలుపు గోల్ ఆయనదే, హెడర్లకు పెట్టింది పేరు. 2002 జనవరిలో మెదడు జబ్బుతో చనిపోయాడు, అప్పటికి 59 ఏళ్లు. ఏళ్ల తరబడి బంతిని తలతో కొట్టడం వల్లే మెదడు దెబ్బతిందని, ఇది చేసిన పని వల్ల వచ్చిన జబ్బేనని విచారణ జరిపిన కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, అదే ఏడాది తేల్చాడు. ఆ తీర్పు విన్న చాలామంది ‘అవి పాతకాలం తోలు బంతులు, వానలో తడిస్తే రాయిలా బరువెక్కేవి, ఇప్పటివాటితో ఆ భయం లేదులే’ అని సరిపెట్టుకున్నారు. ఇప్పటి బంతి నీళ్లు పీల్చదు, నిజమే. కానీ పెద్దవాళ్లు ఆడే బంతి ఈరోజుకీ 410 నుంచి 450 గ్రాములుంటుంది, పొడిగా ఉన్న తోలు బంతి బరువూ దాదాపు అంతే.

ఆ తర్వాత 2019లో గ్లాస్గో యూనివర్సిటీ అధ్యయనం వచ్చింది. విలీ స్టీవార్ట్ బృందం 7,676 మంది స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డుల్ని 23,028 మంది మామూలు జనం రికార్డులతో పోల్చింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం ఆటగాళ్లకు సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. రెండేళ్ల తర్వాత అదే బృందం ఎవరు ఏ పొజిషన్‌లో ఆడారో విడదీసి చూసింది, నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఈ లెక్కే. గోల్‌కీపర్లకు మామూలు జనం కంటే పెద్దగా తేడా లేదు, డిఫెండర్లకేమో దాదాపు ఐదు రెట్లు. అదే గ్రౌండ్, అదే డ్రెస్సింగ్ రూమ్, అవే ప్రయాణాలు, దాదాపు అదే జీవితం. గోల్‌కీపర్ బంతిని చేత్తో పట్టుకుంటాడు, డిఫెండర్ తలతో కొడతాడు. 2023లో స్వీడన్ ఆటగాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో ప్రమాదం అంత ఎక్కువ లేదు, ఒకటిన్నర రెట్లే, అయితే అక్కడ కూడా గోల్‌కీపర్లకు ఏ తేడా కనిపించలేదు.

వీళ్లంతా ఆటనే బతుకుతెరువు చేసుకున్న పెద్దవాళ్లు. ఎనిమిదేళ్లప్పుడు నాలుగు హెడర్లు కొడితే అరవయ్యేళ్లకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తుందని ఎవరూ నిరూపించలేదు. అలా నిరూపించాలంటే ఇప్పటి పిల్లలు ముసలివాళ్లయ్యేదాకా ఆగాలి, అంటే మన పిల్లల మీదే ప్రయోగం చేసినట్టు, దానికి ఏ తల్లీ తండ్రీ ఒప్పుకోరు. ఇక ఆట మాన్పించడమా అంటే, అది ఇంకా పెద్ద తప్పు. గ్లాస్గో లెక్కల్లోనే, గుండెజబ్బుతో చనిపోయినవాళ్లు ఆటగాళ్లలో తక్కువ.

చిన్నపిల్లలు హెడర్ ఎలా కొడతారో ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. కోచ్ బంతి విసురుతాడు, వరుసలో నిలబడ్డ పిల్లాడు కళ్లు గట్టిగా మూసేసుకుంటాడు, భుజాలు పైకి లేస్తాయి, నుదుటికి తగలాల్సిన బంతి నడినెత్తి మీదో ముక్కు మీదో పడుతుంది, తల వెనక్కి ఊగుతుంది. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలకు ఇంకా బలం రాదు, తలను బిగపట్టి ఆపుకోలేరు. మ్యాచ్‌లో ఇలాంటివి ఒకటో రెండో వస్తాయేమో, ప్రాక్టీసులో వరుసపెట్టి కొట్టిస్తే గంటలో ఎన్ని అవుతాయో మీరే లెక్కేసుకోండి.

అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే, ఒక కోర్టు కేసు రాజీలో భాగంగా, పదేళ్లు, ఆ లోపు పిల్లలకు హెడర్లు ఆపేసింది, 11 నుంచి 13 ఏళ్లవాళ్లకు ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని శనివారం సాకర్‌కి తీసుకెళ్లే మనవాళ్లకు ఇది తెలిసిన సంగతే, కావాలని తల పెడితే రిఫరీ విజిల్ ఊది అవతలి జట్టుకు ఫ్రీకిక్ ఇస్తాడు. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ 2020లో ప్రైమరీ స్కూల్ వయసు పిల్లలకు ప్రాక్టీసులో హెడర్లు ఆపాయి. ఇంగ్లాండ్ 2024-25 నుంచి మ్యాచ్‌ల్లోనూ తీసేయడం మొదలుపెట్టింది, ముందు అండర్-7 నుంచి అండర్-9 వరకు, ఆ పైన ఏడాదికో వయసు చొప్పున.

చిన్నప్పుడు నేర్పకపోతే తర్వాత పద్ధతి తెలియక ఇంకా దెబ్బలు తగిలించుకుంటారు అంటారు కొందరు కోచ్‌లు. కొట్టిపారేయాల్సిన మాటేం కాదిది. కానీ టైమింగ్ నేర్పడానికి గట్టి బంతే ఎందుకు, బెలూనూ స్పాంజి బంతీ ఉన్నాయిగా. మెడకు కాస్త బలం వచ్చాక అసలు బంతితో కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు. ఇంకొకటి, గాల్లోని బంతి కోసం ఎగిరినప్పుడు కంకషన్లు, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు అదరడాలు, ఎక్కువగా అయ్యేది అవతలి పిల్లల్ని ఢీకొట్టడం వల్లే. ఎగరాల్సిన పనే లేకపోతే ఆ ఢీకొట్టుకోవడాలూ తగ్గుతాయి.

మన దగ్గర తలకు కుట్లతో ఆడిన కథ ఒకటి గర్వంగా చెప్పుకుంటాం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు, ఫైనల్లో గోల్ పడింది, స్వర్ణం వచ్చింది. నాకూ ఇష్టమైన కథే. కానీ జర్నైల్ పెద్దవాడు, దేశానికి ఆడుతున్నాడు, తెలిసే దిగాడు. టర్ఫ్ మీద ఆడే ఎనిమిదేళ్ల పిల్లాడి దగ్గర ఆ తెగువ కోరుకోకూడదు. రహీం సాబ్ దగ్గర్నుంచి కోచ్‌లు తీసుకోవాల్సింది ఇంకోటుంది. ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టారు, బలం లేని కాలితోనే ఆడాలనే టోర్నీలూ పెట్టారు. డ్రిబ్లింగ్ తీసేస్తే కుర్రాళ్లు పాస్ ఇవ్వడం నేర్చుకుంటారని ఆయన లెక్క. అకాడమీల్లో అండర్-12 జట్లకు హెడర్లు లేని టోర్నీ ఒకటి పెట్టి చూడండి, బంతి కింద ఉంటుంది, పిల్లలకు కాళ్లతో ఆట వస్తుంది.